లోహం సున్నా అని వస్తే కంకణం కొనాలా?

బాజీ (చైనీస్ జాతకం) చార్ట్ వేసుకుంటే లోహం సున్నా వచ్చిందని, బ్యాలెన్స్ కోసం లోహపు కంకణం పెట్టుకోవాలా అని అడిగారు. ఇప్పుడే వద్దండి. సింగపూర్‌లో ఉన్నప్పుడు నేను సరిగ్గా ఇదే పొరపాటు చేశాను.

నేను పుట్టింది 1986 జూన్‌లో, ఉదయం 8 గంటలకి. సంవత్సరం, నెల, రోజు, గంట, ఒక్కోదానికి రెండేసి చొప్పున మొత్తం ఎనిమిది అక్షరాలు. ఒక్కో అక్షరం చెట్టు, అగ్ని, మట్టి, లోహం, నీరు అనే ఐదింటిలో ఒకదానికి చెందుతుంది. నావి లెక్కపెడితే చెట్టు 3, అగ్ని 3, మట్టి 2, లోహం, నీరు రెండూ సున్నా. ఒక షాపులో ఆ సున్నా చూపించి భయపెట్టి మరీ కంకణం అమ్మారు, నేనూ టెన్షన్‌తో కొనేశాను.

తర్వాత ఆఫీసులో నాతో పనిచేసే చైనీస్ అమ్మాయి వాళ్ళమ్మగారికి చార్ట్ చూపించాను. ఆవిడ అసలు లెక్కే పెట్టలేదు. మొదట రోజు అక్షరం, అంటే పుట్టిన రోజుకి వచ్చే రెండిట్లో పై అక్షరం చూశారు, ఎందుకంటే జాతకంలో మనమంటే అదే. నాది 'జియా', అంటే పెద్ద చెట్టు. తర్వాత నెల చూశారు. వాళ్ళు నెలలకీ, గంటలకీ జంతువుల పేర్లు పెడతారు. జూన్ అంటే గుర్రం నెల, అగ్ని బలం మీద ఉండే కాలం. "ఎండకి వాడిపోతున్న చెట్టుకి నీళ్ళు పోస్తావా, గొడ్డలి తెస్తావా?" అన్నారు. ఐదింటి వరసలో లోహం చెట్టుని నరుకుతుంది, నీరు పెంచుతుంది. నాకు సున్నా ఉన్నవి రెండు, కానీ లోటు ఒక్కటే. ఆ మాటతో కంకణం తీసేశాను.

ఆ నీరు కూడా నిజంగా సున్నా కాదట. ఉదయం 7 నుంచి 9 దాకా డ్రాగన్ గంట, అది తడి మట్టి, లోపల కాస్త నీరు దాగి ఉంటుంది. పైకి కనిపించే అక్షరాల్నే లెక్కపెట్టే కాలిక్యులేటర్లలో ఇది రాదు. పైగా మన దశల్లాంటివి వాళ్ళకీ ఉన్నాయి, వాళ్ళవి పదేళ్ళకొకటి మారతాయి, నాకు 46 దగ్గర నీటి దశ మొదలవుతుందని చెప్పారు.

మనం పంచభూతాలకి అలవాటుపడి వీటినీ అలాగే అనుకుంటాం గానీ వాళ్ళ ఐదింటిలో గాలి, ఆకాశం లేవు, వాటి చోట చెట్టు, లోహం ఉంటాయి. వాళ్ళు వీటిని పదార్థాలుగా కంటే ఒకదాన్నొకటి పుట్టిస్తూ, అదుపు చేస్తూ తిరిగే దశలుగా చూస్తారు. అందుకే అన్నీ సమానంగా ఉండాలన్న నియమమే లేదు, ఏ కాలంలో పుట్టిన వాళ్ళకి ఏది కావాలన్నదే బ్యాలెన్స్.

ఇంకొకటి, పుట్టిన టైం సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. గంట అంటే వాళ్ళ లెక్కలో రెండు గంటలు, అంచున పుడితే అక్షరం మారిపోతుంది. సింగపూర్‌లో గడియారం సూర్యుడి కంటే గంటకి పైగా ముందుంటుంది కాబట్టి అక్కడ పుట్టినవాళ్ళకి ఇది పెద్ద తేడా. విజయవాడ లాంటి చోట అయితే పది నిమిషాల లోపే. మీ రోజు అక్షరం, పుట్టిన నెల ఏంటో కింద రాయండి, లోహం మీకు పనికొస్తుందో లేదో అప్పుడు చూద్దాం.