పగిలిన కప్పులు పారేయొద్దని చెప్పండి

ఒకమ్మ రాశారు. ప్లస్ టూ ఎంపీసీ చదివే వాళ్ళబ్బాయి పాత ఇనప డ్రమ్ములో వేడి బయటికి పోకుండా సెరామిక్ ఫైబర్ దుప్పటి పరిచి, గ్యాస్ బర్నర్ బిగించి ఇంటి దగ్గరే మట్టి కప్పులు కాల్చే బట్టీ కట్టుకున్నాడట, మొన్న గ్లేజ్, అదే కాలిస్తే గాజులా మారే పూత, వేసి కాలిస్తే సగం కప్పులు పగిలాయట, అయినా చదువు మానేసి ఇదే చేస్తానంటున్నాడు, ఆపమంటారా అని.

ఆపొద్దమ్మా. కానీ బట్టీ ఎక్కడ పెట్టాడో మాత్రం ఇవాళే వెళ్ళి చూడండి, గదిలోనో గాలి ఆడని మూలనో ఉంటే బయటికి మార్చేదాకా వెలిగించొద్దని గట్టిగా చెప్పండి. కొన్ని గ్లేజ్ రంగుల కోసం గాలి తగ్గించి మండిస్తారు, అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ వస్తుంది, దానికి వాసన కూడా ఉండదు. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది, అందుకని సిలిండర్ బట్టీకి దూరంగా ఉండాలి, మంట ఆరితే గ్యాస్ దానంతటదే ఆగిపోయే సేఫ్టీ వాల్వ్ ఉండాల్సిందే. ఫైబర్ దుప్పటి కోసేటప్పుడు, బాగా కాలిన పాతది విప్పేటప్పుడు గుడ్డ మాస్క్ సరిపోదు, సన్నటి ధూళిని కూడా ఆపే మంచి రెస్పిరేటర్ కొనిపెట్టండి.

ఇక కెరీర్ సంగతి. పగిలిన కప్పులు ఉన్నాయా, పారేశాడా? ఉంటే ఒకటి చేతిలో పెట్టి ఇది ఎప్పుడు పగిలింది రా అని అడగండి. పగులు అంచు మీదికి గ్లేజ్ జారి గుండ్రంగా ఉందంటే ముందే పగిలింది, ఆ తర్వాత గ్లేజ్ కరిగింది. గ్లేజ్ కూడా గాజుపెంకులా పదునుగా తెగి ఉంటే చల్లారేటప్పుడు పగిలినట్టు. 573 డిగ్రీల దగ్గర మట్టిలో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం ఉన్నట్టుండి సైజు మారుతుంది, ఆత్రంగా మూత తీశాడేమో. అదే పచ్చి కప్పు మొదటిసారి కాల్చినప్పుడు పెచ్చులుగా పేలిందంటే లోపల తడి ఆరకముందే 100 డిగ్రీలు దాటించేశాడు.

ఈ ప్రశ్నకి వాడి కళ్ళు వెలిగితే, అప్పటికే నోట్‌బుక్‌లో గంట గంటకీ డిగ్రీలు, గ్యాస్ ప్రెషర్ రాసుకుని ఉంటే, సిలిండర్ చల్లబడి ప్రెషర్ పడిపోయింది అందుకే వేడి ఎక్కలేదు అని వాడే మీకు చెప్తుంటే, మాథ్స్ ఫిజిక్స్ కెమిస్ట్రీ ఉన్నాయి గనక సెరామిక్ ఇంజినీరింగ్ గానీ మెటీరియల్స్ ఇంజినీరింగ్ గానీ చదివించండి, టైల్స్, ఉక్కు కొలిముల ఇటుకలు, కరెంటు ఇన్సులేటర్లు చేసే ఫ్యాక్టరీల్లో రోజూ తేల్చేది సరిగ్గా ఇలాంటి లెక్కలే. అలా కాకుండా కప్పు పిడి వేలికి ఎలా అందుతుందో అదే చెప్తుంటే డిజైన్ కాలేజీలో సెరామిక్స్, దానికి పోర్ట్‌ఫోలియో, అంటే తను చేసినవాటి ఫోటోలూ స్కెచ్‌లూ పెట్టిన ఫైలు, కావాలి. బట్టీలు కట్టడం, రిపేర్ చేయడం కూడా పనే, చాలామందికి అది తట్టదు.

చదువు మాత్రం ఇప్పుడు మానొద్దు, కప్పులమ్మి బతకాలన్నా సగం పగిలే బట్టీతో కుదరదు కదా, ఆ సగం ఎందుకు పోయిందో తెలియడానికే ఈ చదువు.

వచ్చేసారి కాల్చేటప్పుడు మీరూ కాసేపు పక్కన కూర్చోండి, టైమ్ రాసిపెట్టండి. లోపల కోన్లు, అంటే వేడికి మెత్తబడి వంగే చిన్న సెరామిక్ పుల్లలు, పెట్టమనండి, వేడి కొలిచే మీటర్ ఆ నిమిషం వేడినే చూపిస్తుంది, కోన్ అయితే ఎంతసేపు ఎంత వేడి పట్టిందో వంగి చూపిస్తుంది. అలా మూడు సార్లు కాల్చాక ఆ నోట్‌బుక్ పేజీలూ పగిలిన ముక్కల ఫోటోలూ పంపండి, ఏ కోర్సో అప్పుడు చూసి చెప్తాను.