నాయనమ్మ బైబిల్లో అత్త పేరు

ప్రశ్న: మా నాయనమ్మ 94వ ఏట ప్రభువునందు నిద్రించింది. జ్ఞాపకార్థ కూడికలో ఆమె జీవితం గురించి నన్ను చదవమన్నారు. వేరే మతస్థుణ్ణి పెళ్లి చేసుకుందని మా మేనత్తతో నాయనమ్మ 18 ఏళ్లు మాట్లాడలేదు. ఆ ఊసే ఎత్తొద్దని పెదనాన్న అంటున్నాడు. తను రానని అత్త అంటోంది. నాయనమ్మ బైబిలు చివరి పేజీలో ప్రార్థన చేసే పేర్ల పట్టిక ఉంది, అందులో అత్త పేరూ ఉంది. ఆ పేరు దగ్గర కాగితం వేలు తగిలి తగిలి నల్లబడింది. ఇది నేనొక్కదాన్నే చూశాను. బైబిలు ఎవరి దగ్గర ఉండాలన్నదీ గొడవే. నాలుగేళ్లు ఆమెకు సేవ చేసిన నాకు ఏడుపే రావడం లేదు.

సలహా: ముందు ఆ పేజీ సంగతి. అది అత్తకు చేరాలి. కానీ కూడికలో, అందరి ముందు కాదు. నలుగురిలో తెలిస్తే ఆమె ఏడవాలో కోప్పడాలో తేల్చుకోలేక నలిగిపోతుంది. ఈ వారమే మీరొక్కరే వెళ్లి చూపించండి. "నాయనమ్మ నిన్ను క్షమించింది" అని మాత్రం అనకండి. ఆ మాట నాయనమ్మ రాయలేదు, పైగా తప్పు అత్తదేనని చెప్పినట్టవుతుంది. "నీ పేరు ఇక్కడ ఉంది" అనండి, చాలు. ఆ తర్వాత కూడా ఆమె రానంటే బతిమాలకండి.

పెదనాన్న భయం అర్థమవుతుంది, తల్లి పేరు చెడకూడదని. ఆయనకు బైబిల్లోని అబ్రాహాము భార్య శారాను గుర్తుచేయండి. బైబిలు 66 పుస్తకాల్లో చనిపోయినప్పటి వయసు రాసి ఉన్న స్త్రీ ఆమె ఒక్కతే: 127 ఏళ్లు, ఆదికాండము 23వ అధ్యాయం. ముసలితనంలో కొడుకు పుడతాడన్న మాటకు ఆమె నవ్వి, నవ్వలేదని బొంకడం 18లో ఉంది. దాసి హాగరును, ఆమె పిల్లవాణ్ణి వెళ్లగొట్టమనడం 21లో ఉంది. అవేవీ చెరిపేయకుండానే హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం ఆమెను విశ్వాసుల్లో లెక్కపెట్టింది.

అలాగని వేదిక మీద తగవు విప్పనక్కర్లేదు. "పిల్లలందరినీ సమానంగా చూసింది" అన్న అబద్ధం మాత్రం వద్దు. ఒక్క వాక్యం రాయండి: "ఆమె జీవితంలో తీరని బాధలున్నాయి, ఆమె వల్ల ఇతరులకు కలిగినవీ ఉన్నాయి." పిల్లల పేర్లు పుట్టిన వరసలో చదవండి, అత్త పేరు తన చోటనే రావాలి. అత్త సరేనంటే ఆమె భర్త, పిల్లల పేర్లు కూడా. ఆ వరసలో ఆమెను వదిలేస్తే రెండోసారి వెలివేసినట్టే.

మిగతాది 5 నిమిషాలు దాటనివ్వకండి, దాదాపు 400 మాటలు. పైకి చదువుతూ గడియారం చూసుకోండి. బాప్తిస్మం, పెళ్లి తేదీలు సంఘం రిజిస్టరులో దొరకవచ్చు. పుట్టిన ఏడు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటే "సుమారు" అనండి. ఇలాంటి ప్రసంగాలు ఎక్కువగా చెడేది విశేషణాల దగ్గరే. "ప్రార్థనాపరురాలు" అన్న మాట ఏ తల్లికైనా సరిపోతుంది. ఎన్నింటికి లేచేది, ఏ కీర్తన చూడకుండా చెప్పేది, చివరి రోజుల్లో ఎవరి పేరు అడిగింది... నాలుగేళ్లు పక్కనున్న మీకే ఇవి తెలుసు.

ఏడుపు రాకపోవడం ప్రేమ లేకపోవడం కాదు. ఏళ్ల తరబడి సేవ చేసినవాళ్లు దుఃఖాన్ని ముందే కొంచెం కొంచెంగా పడి ఉంటారు. ఒళ్లు కూడా అలిసి ఉంటుంది. ఆరు నెలలు దాటినా ఆ బెంగతో రోజువారీ పనులు సాగకపోతే మాత్రం మానసిక వైద్యుల్ని కలవండి.

ఇక బైబిలు. ఎవరికిచ్చేదీ తేలకముందే ప్రతి పేజీ ఫోటో తీయండి, ముఖ్యంగా అంచుల్లో రాసుకున్నవి. పగలు, కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా. పుస్తకాన్ని పూర్తిగా తెరిచి అదిమితే పాత కుట్టు ఊడిపోతుంది, తెరిచిన అట్ట కింద మరో పుస్తకం ఎత్తు పెట్టండి. చిరుగులకు టేపు అంటించొద్దు, జిగురు పసుపెక్కి కాగితాన్ని పాడుచేస్తుంది. లోపల పెట్టిన చీటీలు తీసేముందు ఏ పేజీల మధ్య ఉన్నాయో రాసుకోండి. చాలాసార్లు చీటీ అర్థం ఆ పేజీలోనే దొరుకుతుంది. ఫోటోలు అందరికీ ఒకే రోజు పంపండి. పుస్తకం ఒకరి దగ్గరే ఉండొచ్చు, ఎవరు అడిగినా చూపించాలని కాగితం మీద రాసుకోండి. చివరి పేజీని మాత్రం ఎవరూ చింపి తీసుకెళ్లకూడదు, అత్త అయినా సరే. ఆమెకు మంచి ప్రింటు తీయించి ఇవ్వండి.