దర్శకుడికి అడ్డు చెప్పేవాళ్లు లేనప్పుడు: కంచరపాలెం, ట్విన్ పీక్స్

దర్శకుడికి పూర్తి స్వేచ్ఛ ఇచ్చి తీసిన సినిమాలు, సిరీస్‌లు ఏవి చూడాలని అడిగారు. మాది విశాఖ. నా జవాబు మా ఊరి నుంచే మొదలవుతుంది: 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’.

వెంకటేశ్ మహాకి దర్శకుడిగా అది మొదటి సినిమా. డబ్బు పెట్టిన ప్రవీణ పరుచూరి అమెరికాలో గుండె డాక్టరు, సలీమా పాత్ర కూడా ఆవిడే వేశారు. పేరున్న నటులు లేరు. 80 మందికి పైగా ఆ చుట్టుపక్కల మనుషులే నటించారు. 49 ఏళ్లొచ్చినా పెళ్లి కాని అటెండరు రాజు అందులో హీరో. స్టార్‌ని చూసి పెట్టుబడి పెట్టేవాళ్ల దగ్గర ఈ కథ మొదటి మీటింగ్ దాటేది కాదని నా నమ్మకం. రానా దాన్ని చూసి విడుదలకు ముందుకొచ్చేసరికి సినిమా పూర్తయిపోయింది.

జగదాంబ దగ్గర ఓ హాల్లో అమ్మతో కలిసి చూశాను. తను పుట్టి పెరిగింది కంచరపాలెంలోనే. ఉత్తరాంధ్ర యాస మన సినిమాల్లో చాలాసార్లు నవ్వించడానికే వినిపిస్తుంది. ఇందులో ప్రేమించేవాళ్లూ, దెబ్బలాడేవాళ్లూ, దేవుడి మీద అలిగేవాళ్లూ అందరిదీ అదే మాట. ఇంటర్వెల్లో అమ్మ “అచ్చం మన్లాగే మాటాడతన్నార్రా” అంది. ఆ ఆనందం ఇంకే సినిమాకీ తన ముఖంలో చూడలేదు. స్వేచ్ఛ అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే: ఏ మనుషులు, ఏ వీధి, ఏ యాస అన్నది మార్కెట్ కాకుండా కథ నిర్ణయించడం.

సిరీస్‌ల్లో అయితే డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్‌ల అమెరికన్ సిరీస్ ‘ట్విన్ పీక్స్’, ఓ చిన్న ఊళ్లో జరిగిన అమ్మాయి హత్య చుట్టూ తిరిగే కథ. స్వేచ్ఛ ఉంటే ఏమవుతుందో, లేకపోతే ఏమవుతుందో రెండూ ఇందులోనే కనిపిస్తాయి. 1990లో మొదలైనప్పుడు, హంతకుడెవరో త్వరగా చెప్పెయ్యమని ఛానెల్ ఒత్తిడి పెట్టింది. రెండో సీజన్లో ఆ గుట్టు విప్పాక కథ పట్టు తప్పింది. 2015లో మూడో సీజన్‌కి ఇస్తామన్న డబ్బు చాలదని లించ్ తప్పుకున్నాడు. నెలన్నర తిరగకుండా మళ్లీ ఒప్పుకున్నారు, 9 ఎపిసోడ్లనుకున్నది 18 అయింది, అన్నీ ఆయనే డైరెక్ట్ చేశాడు. 2017లో వచ్చిన ఆ సీజన్ ఎనిమిదో ఎపిసోడ్ చాలావరకు నలుపు తెలుపుల్లో, మాటల్లేకుండా, 1945 అణుపరీక్ష పేలుడు లోపలికి మనల్ని తీసుకెళ్తుంది. టీవీలో అంత ధైర్యం నేనింకెక్కడా చూడలేదు.

పేరు విన్నారని ఆ ఎపిసోడ్ ఒక్కటే చూడకండి. మొదటి రెండు సీజన్లు, ఇదే కథకి 1992లో వచ్చిన సినిమా ‘ఫైర్ వాక్ విత్ మీ’ అయ్యాకే మూడోది మొదలుపెట్టండి. నిదానంగా నడుస్తుంది, రాత్రికి ఒక్క ఎపిసోడ్ చాలు.