సుస్సు సరే, మోషన్‌కు మాత్రం డైపరే కావాలంటే: మా పాటీ పాట్లు

రెండేళ్ల తొమ్మిది నెలల మీ బాబు సుస్సు పాటీలోనే పోస్తున్నాడనీ, మోషన్ వస్తే మాత్రం డైపర్ తెచ్చి చేతిలో పెడతాడనీ, వేయకపోతే రెండు మూడు రోజులు బిగబట్టేస్తాడనీ రాశారు. డైపర్లు పూర్తిగా మాన్పించేస్తే దారికి వస్తాడా అని మీ ప్రశ్న. నేను సరిగ్గా అదే చేశాను. దారికి రాకపోగా రెండు నెలలు వెనక్కి వెళ్లాం.

మా పాపకు సుస్సు సంగతి నాలుగు రోజుల్లో తేలిపోయింది. ఆ ఊపులో మిగిలిన డైపర్లన్నీ అటక మీద దాచేసి, "అయిపోయాయమ్మా, ఇక లేవు" అన్నాను. వేరే దారి లేక పాటీ మీద కూర్చుంటుందని నా లెక్క. అది వేరే దారి వెతుక్కుంది. అసలు వెళ్లడమే మానేసింది.

నాలుగో రోజుకు ఒక మూలకు పోయి, సోఫా అంచు పట్టుకుని, కాళ్లు దగ్గరగా బిగించి, మునివేళ్ల మీద నిలబడేది. మొహం ఎర్రబడేది. నేనేమో ముక్కుతోంది కాబోలనుకుని, "వచ్చేస్తోంది, పద పద" అంటూ ఎత్తుకుని పాటీ దగ్గరికి పరుగెత్తేదాన్ని. పిల్లల డాక్టర్ చెప్పేదాకా నాకు తెలియలేదు, అది ముక్కడం కాదు, రాకుండా ఆపుకోవడం అని. మీ బాబు కూడా అలా నిలబడుతున్నాడేమో ఒకసారి గమనించండి.

ఒక్కసారి గట్టిగా వచ్చి నొప్పి పుట్టిందంటే చాలు, మళ్లీ ఆ నొప్పి రాకూడదని పిల్లలు ఆపుకుంటారు. ఆగిన కొద్దీ అందులోని నీటిని పెద్దపేగు పీల్చేస్తుంది, మలం ఇంకా గట్టిపడుతుంది, ఈసారి నొప్పి ఇంకా ఎక్కువ. ఇలా ఒక చక్రంలో ఇరుక్కుపోతారు. పేగు నిండిపోయి పక్కనున్న మూత్రాశయాన్ని నొక్కడం వల్ల, బాగా అలవాటైన సుస్సు కూడా మళ్లీ నిక్కర్లలో పోయడం మొదలవుతుంది. మా ఇంట్లో అదీ జరిగింది. కొందరు పిల్లల్లో గట్టిగా పేరుకున్నదాని పక్కనుంచి పల్చగా జారి నిక్కరుకు అంటుతుంది. దాన్ని విరేచనాలనుకుని ఆ మందులు వేస్తే సమస్య ఇంకా ముదురుతుంది.

అందుకే నా మాట వింటే పాటీ సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టి, ముందు నొప్పి లేకుండా మోషన్ అయ్యేలా చూడండి. మాకు డాక్టర్ మలాన్ని మెత్తబరిచే మందు రాశారు. రెండు రోజులు సాఫీగా అయ్యేసరికి నేను మందు ఆపేశాను, వారం తిరక్కుండా మళ్లీ మొదటికొచ్చింది. ఆ భయం పోయేదాకా కొన్ని వారాలు వాడాల్సిందేనట. డాక్టర్‌కు చూపించకుండా మీరే కొని వేయకండి, ఆపేటప్పుడూ అడిగే ఆపండి. నీళ్లు, పండ్లు, కూరగాయలు పెంచాం. పాలు సీసాల కొద్దీ తాగేది, అది తగ్గించాం.

ఇక డైపర్. తిరిగి ఇచ్చేశాను. ఓడిపోయినట్టే అనిపించింది, నిజం చెప్పాలంటే. కానీ ఒక్క షరతు పెట్టాను, బాత్రూమ్‌లో మాత్రమే. మొదట డైపర్ వేసుకుని బాత్రూమ్‌లో నిలబడే వెళ్లేది. తర్వాత డైపర్‌తోనే పాటీ మీద కూర్చోవడం. అది అలవాటయ్యాక అంటించే పట్టీలు వదులు చేశాను. చివరికి డైపర్‌ను పాటీ గిన్నెలో పరిచి, దాని మీద కూర్చోబెట్టాను. ఒక్కో మెట్టుకు వారం, పది రోజులు పట్టింది. డైపర్‌కు చిల్లు పెట్టి వేయమని ఎవరో చెబితే అదీ చేశాను. చిరిగింది వద్దని విప్పి నా చేతికిచ్చింది. మీ వాడు ఒప్పుకుంటాడేమో చూడండి.

రోజూ తిన్న 15 నుంచి 30 నిమిషాల లోపు కూర్చోబెట్టండి. కడుపులో తిండి పడగానే పెద్దపేగు కూడా కదులుతుంది కాబట్టి అప్పుడే వచ్చే అవకాశం ఎక్కువ. 5 నిమిషాలు చాలు, రాకపోతే లేపేయండి. పెద్దవాళ్ల టాయిలెట్ మీద సీటు వేసి కూర్చోబెడుతుంటే కాళ్ల కింద పీట తప్పనిసరి. కాళ్లు గాల్లో వేలాడుతుంటే ముక్కడానికి పట్టు దొరకదు. మోకాళ్లు నడుము కంటే కాస్త ఎత్తులో ఉండాలి. సబ్బు బుడగలు ఊదిస్తే పొట్ట దానంతటదే బిగుసుకుంటుంది, "ముక్కు, ముక్కు" అని వెంటపడే పని తప్పుతుంది. ఫ్లష్ శబ్దానికి జడుసుకునే పిల్లయితే, బయటికి పంపాకే నొక్కండి.

స్టిక్కర్లు మూడు రోజులు పనిచేశాయి, తర్వాత వాటిని గోడకు అంటించడం మీదే దాని ధ్యాస. పైగా వచ్చిన రోజే స్టిక్కర్ ఇచ్చేదాన్ని, రాని రోజు ఏడుపు. బుద్ధిగా కూర్చుంటే చాలు మెచ్చుకోవాల్సింది. నిక్కర్లో వెళ్లినప్పుడు "ఛీ" అన్నది కూడా నేనే. ఆ తర్వాత తెర వెనక దాక్కుని వెళ్లడం మొదలుపెట్టింది. "మా పిల్లలకు ఏడాదికే అయిపోయింది" అనే బంధువులు మీకూ ఉండే ఉంటారు, వాళ్లకో నవ్వు విసిరి ఊరుకోండి. రాత్రి డైపర్ గురించి ఇప్పుడు అసలు ఆలోచించకండి, అది శరీరం ఎదిగే కొద్దీ వచ్చేది, 5 ఏళ్ల దాకా పక్క తడిపినా జబ్బు కింద లెక్క కాదు.

మలంలో రక్తం కనిపించినా, పొట్ట ఉబ్బినా, వాంతులైనా, తిండి మానేసినా మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఈ రోజు అడిగితే డైపర్ ఇచ్చేయండి. బాత్రూమ్‌లోకి తీసుకెళ్లి వేయండి.