అమ్మమ్మ వాళ్ళమ్మ పేరేంటి అని అడిగితే తెలియదని చెప్పాను

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం. మా చిన్నమ్మాయికి 16 ఏళ్ళు. స్కూల్లో ఒక నవల చదివించారు, అమెరికాలో పెరిగిన అమ్మాయి ఇంట్లోవాళ్ళు దాచిన తన మూలాలను వెతుక్కునే కథ. తర్వాత ఎవరి ఇంటి కథ వాళ్ళు రాయమన్నారు. 'అమ్మమ్మ వాళ్ళమ్మ పేరేంటి?' అని అడిగితే తెలియదన్నాను. నిజానికి కొంత తెలుసు. మా అమ్మ రంగంలో (బర్మాలోని రంగూన్‌లో) పుట్టింది, 1964లో 14 ఏళ్ళప్పుడు తాతయ్యతో ఓడెక్కి విశాఖ వచ్చింది. వాళ్ళమ్మ బర్మా ఆవిడ, అక్కడే ఉండిపోయింది. ఊళ్ళో మాత్రం పురిట్లోనే పోయిందని చెప్పుకున్నారు. నాన్న పోయాక అమ్మ ఈ సంగతి నాకొక్కదానికే చెప్పి ఒట్టు వేయించుకుంది, పేరు మాత్రం చెప్పలేదు. అన్నయ్య వాట్సాప్‌లో పెట్టిన పాత ఫొటోల్లో లుంగీ కట్టుకుని, నాలుగైదేళ్ళ పిల్లని పక్కన నిలబెట్టుకున్న ఒకావిడని పాప చూసి, వీడియో కాల్‌లో నేరుగా అమ్మనే అడిగేసింది. అమ్మ ఫోన్ పెట్టేసింది, 15 రోజులుగా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. పాపేమో నేను అబద్ధమాడానని నాతో మాట్లాడదు. పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడివన్నీ ఎందుకు, ఆ పుస్తకమే పిల్లని పాడుచేసింది అంటారు మావారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ పుస్తకాన్ని వదిలేయండి. పుస్తకం చదవకపోయినా ఆ ఫొటో మీ పాప కంట పడేది, పురిట్లో పోయిన మనిషి పక్కన నాలుగేళ్ళ పిల్ల ఎలా నిలబడిందని అడిగేది. పిల్ల తప్పేమీ చేయలేదు. అడిగిన పద్ధతి తొందరపాటు, అంతే.

మీరు ఈ రోజే చేయాల్సింది ఒకటుంది. పాప దగ్గర కూర్చుని, 'తెలియదని చెప్పాను, అది అబద్ధం, నాకు కొంత తెలుసు, కానీ అది అమ్మమ్మ జీవితం, ఆవిడ సరేననకుండా నేను చెప్పలేను' అనండి. కథ చెప్పొద్దు, ఒట్టు తీయొద్దు. అబద్ధం చెప్పానని ఒప్పుకోండి చాలు. ఆ వయసు పిల్లలు రహస్యాన్ని తట్టుకుంటారు, వాళ్ళని మభ్యపెడితే మాత్రం తట్టుకోలేరు. ఇన్నేళ్ళ కౌన్సెలింగ్‌లో నేను మళ్ళీ మళ్ళీ చూసింది ఇదే.

ఇక మీ అమ్మగారు. మీ పాప 'అమ్మమ్మ సిగ్గుపడుతోంది' అనుకుంటోందేమో. నాకలా అనిపించడం లేదు. నేను విశాఖలోనే పనిచేస్తాను, కంచరపాలెం బర్మా క్యాంపు వైపు పెద్దవాళ్ళు కొందరు నాతో మాట్లాడారు. 1962లో బర్మాలో నే విన్ అనే సైన్యాధిపతి అధికారం పట్టుకున్నాడు, 1964లో దుకాణాలను ప్రభుత్వం తీసేసుకుంది, అదే ఏడు మే నెలలో అక్కడి డబ్బులో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. తాతల కాలం నుంచి అక్కడే బతికినవాళ్ళు కూడా ఉన్నదంతా వదిలేసి ఓడెక్కారు. ఒకప్పుడు, 1931 జనాభా లెక్కల నాటికి, రంగూన్ నగరంలో సగానికి పైగా మనదేశం వాళ్ళే. రేవులో బరువులు మోసినవాళ్ళలో మనవాళ్ళు ఎంతమందో, అందులోనూ మగవాళ్ళే ఎక్కువ కాబట్టి అక్కడి ఆడవాళ్ళతో కాపురాలు పెట్టుకోవడం వింతేమీ కాదు. మన ఉత్తరాంధ్రలో రంగం వెళ్ళినవాళ్ళు లేని ఊరు తక్కువ, రంగంలో పెళ్ళాం ఉందని గుసగుసలాడుకోని ఊరూ తక్కువే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ అమ్మగారు 14 ఏళ్ళప్పుడు కన్నతల్లిని రేవులో వదిలేసి వచ్చారు. వచ్చాక ఆ తల్లి బతికుండగానే చచ్చిపోయిందని నలుగురికీ చెప్పాల్సి వచ్చింది. ఏడవడానికి కూడా వీల్లేకుండా పోయింది ఆవిడకి. మీ పాప అడిగినప్పుడు ఫోన్ పెట్టేశారంటే కోపంతో కాదు, అరవయ్యేళ్ళుగా ఎవరూ నోరారా అడగని మాట ఒక్కసారిగా చెవిన పడింది.

కాబట్టి మీరొక్కరే వెళ్ళండి. సెలవు దొరికితే విశాఖకే వెళ్ళండి, లేదంటే వీడియో లేకుండా మామూలు ఫోన్ చేయండి, ఆవిడ ఒంటరిగా ఉండే మధ్యాహ్నం వేళ చూసి. 'ఎందుకు దాచావు?' అని మాత్రం అనొద్దు, అది కోర్టులో అడిగినట్టుంటుంది. చిన్న చిన్నవి అడగండి. ఓడలో ఎన్ని రోజులున్నారు, చేతిలో ఏం పట్టుకున్నావు, తినడానికి ఏం పెట్టారు. ఆవిడ చేతి వంటలో ఎక్కడైనా రంగం మిగిలుందేమో గుర్తు తెచ్చుకోండి. కొబ్బరిపాలు, శనగపిండి వేసి చేసి నూడుల్స్‌తో తినే కూర ఏదైనా మీ ఇంట్లో ఉండేదా? ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టండి, వంట గురించి అడిగితే పెద్దవాళ్ళు తమకు తెలియకుండానే అమ్మ దగ్గరికి వచ్చేస్తారు. ఆవిడ వద్దంటే వద్దు, పాపకీ 'అమ్మమ్మ ఇప్పుడు వద్దంది' అనే చెప్పండి. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం లాంటివి కనిపిస్తే మాత్రం 'వయసు కదా' అని వదిలేయకుండా డాక్టర్‌కి చూపించమని అన్నయ్యకి చెప్పండి.

స్కూలు పనికి అమ్మమ్మ రహస్యం అక్కర్లేదు. 'మా అమ్మమ్మ రంగంలో పుట్టింది, ఇంకా నాకు చెప్పలేదు, నేను ఎదురుచూస్తున్నాను' అని రాసినా చాలు, అదీ ఇంటి కథే. దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టనివ్వొద్దు. ఉమ్మి పంపించి డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటానని అంటే ఆపండి, ఆ కంపెనీలు మూలాలు ఏ ప్రాంతానివి ఎంత శాతమో చెప్పడమే కాదు, బంధువులనీ చూపిస్తాయి, అమ్మమ్మ సిద్ధంగా లేనప్పుడు ఆ తలుపు తీయకూడదు.

మీవారితో సూటిగా మాట్లాడండి. ముత్తమ్మమ్మ బర్మా ఆవిడని తెలిసి వెనక్కి పోయే సంబంధం మీ పెద్దమ్మాయికి ముందే పోవడం మంచిది. అలాగని ఇప్పుడే అందరికీ చాటింపు వేయమనడం లేదు, అదీ అమ్మగారి ఇష్టమే. కానీ 'బయటికి తెలిస్తే పరువు పోతుంది' అనే మాట పాప చెవిన పడనివ్వకండి. ఆ ముత్తమ్మమ్మ రక్తం పాపలోనూ ఉంది, పరువు పోయేదంటే ఆ పిల్లకి తన గురించే అన్నట్టు వినిపిస్తుంది.

అమ్మగారు ఎప్పుడైనా ఆ పేరు చెబితే, మన నోటికి తిరిగినట్టు మార్చేయకుండా, రెండు మూడు సార్లు పలికించుకుని తెలుగులో రాసుకోండి. ఆ ఫొటో ప్రింటు తీయించి, వెనకాల ఆ పేరు మీ పాప చేతే రాయించండి, అమ్మమ్మ పక్కన కూర్చుని.