వయసుతో రక్తంలో, మెదడులో శక్తి తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 67. రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి, కరీంనగర్‌లో ఉంటాను. పన్నెండేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఏడాదిగా నీరసంగా ఉంటోంది, తెలిసినవాళ్ల పేర్లు కూడా వెంటనే తట్టడం లేదు. వయసుతో కణాల్లో శక్తి తగ్గుతుందంటూ మా అబ్బాయి అమెరికా నుంచి ఎన్‌ఏడీ పెంచే క్యాప్సూల్స్ పంపాడు. వేసుకోవచ్చా?

సలహా: మీ అబ్బాయి చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. గ్లూకోజ్, ఆక్సిజన్ వాడుకుని కణానికి కావలసిన శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల డీఎన్‌ఏలో వయసు పెరిగేకొద్దీ లోపాలు పోగుపడతాయి, పాడైనవాటిని తొలగించుకునే ప్రక్రియ మందగిస్తుంది, శక్తి తయారీకి అవసరమైన ఎన్‌ఏడీ అనే సహాయక పదార్థం కూడా పలు కణజాలాల్లో తగ్గుతుంది. శరీర బరువులో 2 శాతమే ఉండే మెదడు, మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో సుమారు 20 శాతాన్ని వాడుకుంటుంది కనుక, ఈ తగ్గుదల ఆలోచనా వేగంపై కొంత ప్రభావం చూపవచ్చు.

రక్తం సంగతి వేరు. ఎర్ర రక్తకణాల్లో అసలు మైటోకాండ్రియాలే ఉండవు. ఒళ్లంతా ఆక్సిజన్ మోసే ఆ కణాలు తమ శక్తి కోసం దాన్ని వాడుకోకుండా, గ్లూకోజ్‌ను విడగొట్టగా వచ్చే కొద్దిపాటి శక్తితోనే దాదాపు 120 రోజులు బతుకుతాయి. తెల్లకణాల్లో, ప్లేట్‌లెట్లలో మైటోకాండ్రియాలు ఉంటాయి. వాటిని బట్టి మెదడు స్థితిని అంచనా వేయవచ్చా అన్నది ఇంకా పరిశోధనలోనే ఉంది కాబట్టి, ఆ పేరుతో ఎవరైనా ప్యాకేజీ అంటగడితే డబ్బు వృథా చేసుకోకండి.

అయితే, ఏడాదిలో వచ్చిన నీరసాన్ని వయసు ఖాతాలో వేసేయడానికి నేను ఒప్పుకోను. నా మొదటి అనుమానం మెట్‌ఫార్మిన్ మీద. దాన్ని ఏళ్ల తరబడి వాడేవారిలో, ముఖ్యంగా శాకాహారుల్లో, విటమిన్ బి12 తగ్గి రక్తహీనత, మతిమరుపు, అరికాళ్లలో తిమ్మిర్లు రావచ్చు; ఆ తిమ్మిర్లను షుగర్ వల్లే అనుకుని వదిలేసేవారు చాలామంది. సీబీపీ (రక్తకణాల లెక్క), బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), క్రియాటినిన్ (కిడ్నీలు), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) పరీక్షలు చేయించుకోండి. పురుషుల్లో హిమోగ్లోబిన్ 13 కంటే తక్కువైతే, వయసెంతైనా, కారణం వెతకవలసిందే. ఇప్పటికే బి12 ఉన్న మాత్రలేవైనా మింగుతుంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి, లేకపోతే రిపోర్టు నార్మల్‌గా వచ్చి తప్పుదోవ పట్టించవచ్చు. మెట్‌ఫార్మిన్‌ను మాత్రం సొంతంగా ఆపవద్దు. దాంతోపాటు గ్లిమిపిరైడ్ వంటి మరో షుగర్ మాత్ర ఉంటే, భోజనం ఆలస్యమైనప్పుడు చెమటలు, తికమక వస్తున్నాయేమో గమనించండి. అది షుగర్ పడిపోయి మెదడుకు గ్లూకోజ్ అందకపోవడం కావచ్చు.

ఇక క్యాప్సూల్స్. ఇవి రక్తంలో ఎన్‌ఏడీని పెంచుతాయి, కానీ మీలాంటి వారిలో జ్ఞాపకశక్తిని మెరుగుపరుస్తాయనడానికి నమ్మదగిన రుజువు లేదు. పరీక్షల ఫలితాలు వచ్చేదాకా పక్కన పెట్టండి. కండరాల్లో మైటోకాండ్రియాలను పెంచుతుందని రుజువైనది వ్యాయామమే: వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పని.

పేర్లు ఆలస్యంగా గుర్తురావడం వేరు, రోజూ వెళ్లే దారి తప్పడం, అడిగిందే పదేపదే అడగడం, కట్టిన కరెంటు బిల్లునే మళ్లీ కట్టడం వేరు. అలాంటివి ఇంట్లోవారి కంటపడితే, ఈ పరీక్షల కోసం ఆగకుండా న్యూరాలజిస్టును కలవండి.