బేస్‌మెంట్‌లో రేడాన్ 6.8 వచ్చింది, ఇల్లు వదులుకోవాలా?

వదులుకోకండి. మిగతావన్నీ నచ్చి రేడాన్ (నేలలోంచి ఇంట్లోకి చేరే రేడియోధార్మిక గ్యాస్) ఒక్కటే అడ్డమైతే ఆ ఇల్లు కొనుక్కోవచ్చు. కాకపోతే "బేస్‌మెంట్ కిటికీ రోజూ కాసేపు తెరిస్తే సరిపోతుంది" అని అమ్మేవాళ్లు చెప్పారన్నారే, ఆ మాట మాత్రం నమ్మకండి. మేమూ మిన్నెసోటాలోనే, మిన్నియాపాలిస్ పక్కన ప్లిమత్‌లో, 2016లో ఇలాంటి పాత ఇల్లే కొన్నాం. మా ఇంట్లో మీకన్నా ఎక్కువే వచ్చింది.

మేం కొనేటప్పుడు అసలు టెస్టే చేయించలేదు. ఇల్లు అమ్మేవాళ్లు రేడాన్ గురించి తెలిసినది రాసివ్వాలని ఇక్కడ 2014 నుంచి చట్టం ఉంది, ఆ కాగితం మాకూ ఇచ్చారు, సంతకం పెట్టి ఫైల్లో పెట్టేశాం. గుంటూరులో పొద్దున లేస్తే రాత్రి దాకా తలుపులు కిటికీలు తెరిచే ఉండే ఇంట్లో పెరిగినదాన్ని, నేలలోంచి వచ్చే గ్యాస్ ఇంట్లో నిలిచిపోతుందనే ఆలోచనే నాకు కొత్త. 2020లో నా ఆఫీసు టేబుల్ బేస్‌మెంట్‌లోకి మారింది. 2022లో అమ్మానాన్న వచ్చి ఆరు నెలలు కింద గెస్ట్ రూమ్‌లోనే పడుకున్నారు. వాళ్లు వెళ్లాక, పక్కింటావిడ చెబితే, జనవరిలో రేడాన్ కొలిచే కిట్ తెచ్చి పెట్టాను. 9.4 వచ్చింది. నాన్న ముప్పై ఏళ్లు సిగరెట్లు కాల్చి మానేసిన మనిషి, పొగ తాగినవాళ్లకు రేడాన్ ప్రమాదం చాలా ఎక్కువని చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కలో లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడియేషన్ కొలత, మీ 6.8 కూడా ఇదే లెక్క) ఉన్నా, దాటినా సరిచేయించాలి, 2కీ 4కీ మధ్య ఉన్నా ఆలోచించుకోమంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత ఇంకా కింద ఉంది, సుమారు 2.7. మిన్నెసోటాలో ప్రతి అయిదు ఇళ్లలో రెండు 4 దాటుతాయని రాష్ట్ర ఆరోగ్య శాఖే చెబుతుంది, కాబట్టి ఈ ఇల్లు వదిలేసి ఇంకోటి చూసుకున్నా ఇదే సమస్య ఎదురు కావచ్చు. మట్టిలోని యురేనియం విరిగి రేడియం, అది విరిగి రేడాన్ అవుతాయి. రంగు, వాసన ఉండవు. పీల్చినప్పుడు దాని నుంచి పుట్టే రేణువులు ఊపిరితిత్తుల్లో అంటుకుని అక్కడే రేడియేషన్ వదులుతాయి. అమెరికాలో ఏటా 21,000 మంది దీనివల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోతున్నారని ఈపీఏ అంచనా.

ఇక కిటికీ సంగతి. చలికాలంలో ఇంట్లో వేడిగాలి పైకెక్కి పై అంతస్తు సందుల్లోంచి బయటికి పోతుంటుంది, ఆ ఖాళీని నింపడానికి ఇల్లు కింద నేలలోంచి గాలి లాక్కుంటుంది, కాంక్రీటులో పగుళ్లు, గోడా నేలా కలిసే సందు, సంప్ గుంట (బేస్‌మెంట్ నేలలో ఊరే నీళ్లు చేరే గుంట), ఎక్కడ దారి దొరికితే అక్కడినుంచి. కిటికీ తెరిచినంతసేపు అంకె తగ్గొచ్చు, మూసిన కొన్ని గంటల్లో మళ్లీ ఎక్కుతుంది. పై అంతస్తు కిటికీలు తెరిస్తే కింద లాగుడు ఇంకా పెరగొచ్చు కూడా. అయినా జనవరిలో మైనస్ ఇరవైలో ఎవరు కిటికీ తెరిచి కూర్చోగలరు?

మీకు వచ్చిన 6.8 ఇన్‌స్పెక్టర్ మెషీన్ పెట్టి కనీసం 48 గంటలు కొలిచిందైతే కొనుగోలు నిర్ణయానికి అది చాలు. టెస్టుకు 12 గంటల ముందు నుంచీ, టెస్టు అయ్యేదాకా కిటికీలు మూసే ఉంచారా అని మాత్రం అడగండి, కిటికీ అలవాటు ఉన్న ఇల్లు కాబట్టి అసలు అంకె ఇంకా ఎక్కువే ఉండొచ్చు. మీరే బొగ్గు కిట్ (గాలిలోని రేడాన్‌ను బొగ్గు పీల్చుకుంటుంది, దాన్ని ల్యాబ్‌కు పంపాలి) పెట్టుకుంటే మనుషులు మసిలే గదిలో, నేలకు 20 అంగుళాలైనా పైన పెట్టండి, వంటగది, బాత్‌రూమ్, సంప్ పక్కన వద్దు. మూత వేశాక ఆ రోజే పోస్టు చేయండి. రేడాన్ నాలుగు రోజుల్లోపే సగానికి పడిపోతుంది, కిట్ కారులో ఉండిపోతే రిజల్ట్ పనికిరాదు.

సరిచేయడం నిజానికి తేలికే. నేల కింది గాలి ఇంట్లోకి రాకముందే పైపుతో లాగి కప్పు పైన వదిలేస్తారు. మా ఇంట్లో సంప్ గుంటకు గాలి చొరబడని మూత వేసి, అందులోంచి నాలుగు అంగుళాల పీవీసీ పైపు తీశారు. 1,900 డాలర్లు అయింది. అయితే ఆ కాంట్రాక్టర్ తేలిగ్గా అవుతుందని పైపునీ ఫ్యాన్‌నీ బయట గోడ మీద బిగించాడు. నేల కింది గాలిలో తేమ ఎక్కువ, పైపు చల్లగా ఉంటే అది నీరై గడ్డకడుతుంది. తర్వాతి జనవరిలో పైన మంచు పేరుకుని దారి మూసుకుపోయింది. పైపుకు యు ఆకారంలో ఒక గొట్టం, అందులో రంగు నీళ్లు ఉంటాయి, రెండు వైపులా మట్టాలు తేడాగా ఉంటేనే ఫ్యాన్ లాగుతున్నట్టు. నేను బట్టలు ఉతకడానికి దిగినప్పుడు మట్టాలు రెండూ సమానంగా కనిపించాయి, లేకపోతే నెలల తరబడి తెలిసేది కాదు. ఇంకొకరిని పిలిచి పైపును ఇంటి లోపలి నుంచి, క్లోజెట్ మూలగా అటకలోకి తీసి ఫ్యాన్ అక్కడ పెట్టించుకున్నాం, అటకలో పైపు చుట్టూ ఇన్సులేషన్ కూడా. మళ్లీ ఖర్చయింది. మీరు మొదటే లోపలి దారి అడగండి. ఇప్పుడు మా ఇంట్లో 0.8.

పగుళ్లకు సీలెంట్ పూసి సరిపోయిందనే వాళ్లుంటారు. ఫ్యాన్‌తో కలిపితే అది మంచిదే, అదొక్కటే చాలదు. 2019 నుంచి ఈ రాష్ట్రంలో డబ్బు తీసుకుని రేడాన్ పని చేసేవాళ్లకు ఆరోగ్య శాఖ లైసెన్సు ఉండాలి, అది చూసే ఒప్పుకోండి.

ఇంకో మాట. అమ్మేవాళ్ల చేత పని చేయించకండి, క్లోజింగ్‌లో (ఇల్లు మీ పేరు మీదికి మారే రోజు లెక్కల్లో) డబ్బు తగ్గించమనండి. వాళ్లు చేయిస్తే ఎక్కడ చవకో అక్కడ చేయిస్తారు, బయట గోడే దక్కుతుంది. పని అయిన 24 గంటల తర్వాత, నెల లోపు మళ్లీ కొలవండి, ఆపైన రెండేళ్లకోసారి. బేస్‌మెంట్ ఫినిష్ చేయిస్తే అప్పుడూ కొలవాలి.

ఇల్లు ఏ సంవత్సరంలో కట్టిందో రాయలేదు మీరు. 2009 జూన్ తర్వాతదైతే కట్టేటప్పుడే పైపు వేసి ఉండాలి, అటకలోకి వెళ్లి చూడండి, ఫ్యాన్ ఒక్కటీ బిగిస్తే సరిపోవచ్చు, ఖర్చు బాగా తగ్గుతుంది. సంప్ ఉందో లేదో కూడా చెప్పండి, కాంట్రాక్టర్‌ను ఏం అడగాలో దాన్నిబట్టి రాస్తాను.